అమ్మకు ఏమి తేవాలి?

సెలవు మంజూరైన రోజు రాత్రి ఇంటికి ఫోను చేసి అమ్మీని ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: "అమ్మీ, ఏం తెమ్మంటావు?" పన్నెండేళ్లపాటు ఒకే సమాధానం వచ్చింది: "నాకేం వద్దు బేటా. నువ్వు క్షేమంగా రా, అదే చాలు."

రాయచోటి, కడప ప్రాంతాల నుంచి కువైట్‌కు వెళ్లినవారి ఇళ్లలో ఈ సంభాషణ ఎవరికీ కొత్త కాదు. కొడుకు అడుగుతాడు. తల్లి వద్దంటుంది. కొడుకు తనకు తోచింది కొంటాడు. పెద్ద అట్టపెట్టెకు తాడు బిగించి, దానిపై పేరూ ఊరూ లావుపాటి అక్షరాలతో రాసి, రెండుసార్లు బరువు తూచుకుని విమానం ఎక్కుతాడు. అందులో పూల రగ్గు, అత్తరు సీసాలు, ఖర్జూరాలు, టైగర్ బామ్ డబ్బాలు, పాలపొడి, ఇంటిల్లిపాదికీ బట్టలు ఉంటాయి. నేనూ అలాగే తెచ్చేవాణ్ణి. పిల్లలకు తెచ్చినవి ఆ సాయంత్రమే వీధిలోకి వెళ్లిపోయేవి. నా భార్యకు తెచ్చినవి పండుగనాడు బయటికి వచ్చేవి. అమ్మీకి తెచ్చినవాటిని మాత్రం ఆమె చేత్తో నిమిరి చూసి, "మాషా అల్లాహ్, ఎంత బాగుంది!" అని మెచ్చుకుని, మడత నలగకుండా ట్రంకుపెట్టెలో పెట్టేసేది. మరుసటి ఏడు నేను వచ్చేసరికి కొన్ని ఆ పెట్టెలోనే ఉండేవి, కొన్ని ఎవరి ఇంటికో చేరిపోయేవి. ఆమె ఒంటిమీద మాత్రం ఒక్కటీ కనిపించేది కాదు.

ఏమి ఇచ్చినా తాను వాడుకోని తల్లి మా ఇంట్లోనే ఉందనుకునేవాణ్ణి. తోటివారితో మాట్లాడాక ప్రతి ఇంట్లోనూ ఆ తల్లి ఉందని తెలిసింది. అందుకే ఈ అనుభవాన్ని పాఠక సోదర సోదరీమణులతో పంచుకుంటున్నాను.

శాలువా ఎవరిది?

ఒక ఏడాది అమ్మీ కోసం మంచి ఉన్ని శాలువా కొన్నాను. ఓవర్‌టైం డబ్బులు కూడబెట్టి కొన్నది కనుక దానిమీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. తర్వాతి సెలవు చలికాలంలో దొరికింది. ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని మసీదు నుంచి వస్తుంటే, వీధి మలుపులో పాలు పోసే అవ్వ ఎదురైంది. ఆమె భుజాలమీద ఆ శాలువా ఉంది.

ఇంటికి వచ్చి అమ్మీని నిలదీశాను. నా గొంతు పెరిగిన సంగతి నాకు తర్వాత గానీ తెలియలేదు. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరుకున్నప్పుడు వారి ముందు విసుగును సూచించే చిన్న మాటైనా పలకరాదనీ, వారితో మర్యాదగా మాట్లాడాలనీ దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించింది. ఆ వాక్యాలు నాకు కంఠస్థం. ఆ ఉదయం మాత్రం గుర్తుకు రాలేదు.

అమ్మీ కాసేపు మౌనంగా ఉండి, "అది నాకు నచ్చలేదని ఎవరన్నారు? నచ్చింది కాబట్టే ఇచ్చాను" అంది. "తెల్లారకముందే వస్తుంది. పైన కప్పుకోవడానికి ఆమెకు ఏమీ లేదు. పాతది ఇద్దామని పెట్టె తెరిచాను. చేతికి కొత్తదే తగిలింది. అది పక్కన పెట్టి పాతది వెతకడానికి మనసు ఒప్పలేదు."

నా బాధ అంతటితో తీరలేదు. ఆ సాయంత్రం ఇమాము సాహెబు దగ్గర ఈ ప్రస్తావన తెచ్చాను. ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "ఇంతకీ ఆ శాలువా ఎవరిది?" అమ్మీకి ఇచ్చానని చెప్పాను. "ఇచ్చాక అది ఆమె సొత్తు. తన సొత్తును ఆమె ఒకరికి ఇస్తే నీదేదో పోయినట్టు బాధపడుతున్నావంటే, నువ్వు దాన్ని ఇంకా పూర్తిగా ఇవ్వలేదన్నమాట" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. కానుకగా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత జుగుప్సాకరమో దైవప్రవక్త ముహమ్మద్ (స), కక్కినదాన్ని తిరిగి తినే కుక్కతో పోల్చి హెచ్చరించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. నేను శాలువాను వెనక్కి అడగలేదు, నిజమే. కానీ దానిపై నా పెత్తనాన్ని మాత్రం అట్టే పెట్టుకున్నాను. "నేను ఎంత ఖర్చుపెట్టి తెచ్చానో తెలుసా?" అనే మాట ఆ ఉదయం నా నోట వచ్చింది. చేసిన మేలును చెప్పుకుని, ఎత్తిపొడిచి దానధర్మాలను వృథా చేసుకోవద్దని బఖరా సూరా విశ్వాసులను హెచ్చరిస్తోంది. పరాయివారికి చేసిన దానం విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, కన్నతల్లికి ఇచ్చిన కానుక విషయంలో ఎంత ఉండాలి?

ఇంకొక సంగతి కూడా అప్పుడే అర్థమైంది. తమకు ప్రియమైన వాటిలో నుంచి ఖర్చు చేయనంతవరకూ పుణ్యశిఖరాన్ని అందుకోలేరని ఆలి ఇమ్రాన్ సూరా చెబుతోంది. ఆ వాక్యం అవతరించినప్పుడు హజ్రత్ అబూ తల్హా (రజి) తనకు అన్నిటికంటే ప్రియమైన బైరుహా తోటను దైవమార్గంలో ఇచ్చివేశారు. మదీనా మస్జిదుకు ఎదురుగా ఉన్న తోట అది. దైవప్రవక్త (స) అందులోకి వెళ్లి తీయని నీళ్లు తాగేవారు. ఆ గాథను నేను ప్రసంగాల్లో ఎన్నోసార్లు విని తల ఊపాను. మా ఇంటి ట్రంకుపెట్టె దగ్గర అదే గాథ మరో రూపంలో జరిగితే కోపం తెచ్చుకున్నాను.

హక్కు వేరు, కానుక వేరు

అమ్మకు ఏమి ఇవ్వాలనే ఆలోచనకు ముందు, ఆమెకు మనం ఏమి బాకీ ఉన్నామో చూసుకోవాలి. తల్లిదండ్రులకు సొంత ఆదాయం లేనప్పుడు వారి తిండి, బట్ట, నివాసం, వైద్యం భరించడం స్తోమత గల సంతానం బాధ్యత అని ధర్మవేత్తలు చెబుతారు. అలా పోషించవలసిన తల్లిదండ్రులకు జకాత్ ధనం ఇవ్వడం చెల్లకపోవడానికి కారణం కూడా ఇదే. మన మీద ఉన్న బాధ్యతను మరో బాధ్యత కింద చూపించి తీర్చుకోలేం.

కనుక కంటి శుక్లానికి చేయించిన ఆపరేషన్, నెలనెలా కొనే బీపీ మాత్రలు, మోకాళ్లకు రాసిన మందు, పండుగకు కుట్టించిన బట్టలు కానుకల ఖాతాలోకి రావు. అవి ఆమె హక్కులు. నేను చాలా ఏళ్లు ఆ లెక్క తప్పుగానే వేశాను. "ఈ ఏడు అమ్మీకి కళ్లద్దాలు కానుకగా ఇచ్చాను" అని మిత్రులతో చెప్పుకున్నాను. ఆమెకు చూపు మసకబారి రెండేళ్లయిందని మాత్రం చెప్పుకోలేదు. బాకీ తీర్చినవాడు దాత అనిపించుకోకూడదు. ఉత్తమ సాహచర్యానికి అందరికంటే ఎక్కువ అర్హులెవరని ఒక వ్యక్తి అడిగినప్పుడు, దైవప్రవక్త (స) వరుసగా మూడుసార్లు తల్లి పేరు చెప్పి, నాలుగోసారి తండ్రిని పేర్కొన్నారు. ఆ హక్కు అంత పెద్దది.

ఆ హక్కు తీర్చిన తర్వాతే కానుక మొదలవుతుంది. పరస్పరం కానుకలు ఇచ్చుకుంటే ప్రేమ పెరుగుతుందని దైవప్రవక్త (స) ఉద్బోధించారు. పొరుగింటి స్త్రీ పంపినది గొర్రె కాలిగిట్టైనా సరే చిన్నచూపు చూడవద్దని స్త్రీలకు చెప్పారు. కానుక విలువ ధరలో లేదన్నమాట. మరి ఎందులో ఉంది? దీనికి సమాధానం నాకు మా ఇంట్లోనే, నా భార్య నోట దొరికింది.

అడగటం, చూడటం

ఆ సెలవు చివరి వారంలో ఒక రాత్రి ఆమె అంది: "మీరు ఎప్పుడూ అమ్మీకి ఏం కావాలని అడుగుతారు. ఆమె ఏం చేస్తోందో ఒక్కరోజైనా చూశారా? ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి తహజ్జుద్‌కు లేవడం మానేసింది."

నేను వయసు మీద పడిందనుకున్నాను. కారణం అది కాదని ఆమె చెప్పింది. పెరట్లో కొళాయి నేలకు జానెడు ఎత్తున ఉంది. దాని చుట్టూ గచ్చు పగిలి నాచు పట్టింది. నెలరోజుల కిందట అర్ధరాత్రి వుజూకు వెళ్లినప్పుడు అమ్మీ కాలు జారింది. గోడ చేతికి దొరకబట్టి పడలేదు. "వాడికి చెప్పకు. అంత దూరంలో ఉన్నవాడు కంగారుపడతాడు" అని కోడలి దగ్గర మాట తీసుకుంది. ఆ రోజు నుంచి ఇషా తర్వాత వుజూ నిలుపుకోగలిగినంతసేపు కూర్చుని, నాలుగు రకఅతులు ఎక్కువ చదువుకుని పడుకుంటోంది. నలభై ఏళ్ల అలవాటును అలా ఎవరికీ చెప్పకుండా వదులుకుంది.

మరునాడు ఫజ్ర్‌కు ముందే లేచి, కనపడకుండా వంటగది గుమ్మంలో నిలబడి చూశాను. అమ్మీ ఒక చేత్తో చెంబు పట్టుకుంది. రెండో చేత్తో గోడ తడుముకుంటూ వచ్చింది. కొళాయి దగ్గర వంగడానికి ముందు ఆగి, ఊపిరి తీసుకుంది. వంగింది. కొళాయి మర బిగుసుకుపోయి ఉంది. కీళ్లవాపు ఉన్న వేళ్లతో దాన్ని మూడుసార్లు తిప్పింది. చెంబు నిండాక లేవడానికి మళ్లీ గోడ కావాలి. పాదాలు కడుక్కోవడానికి ఒంటికాలిపై నిలబడాలి. ఆ క్షణంలో ఆమె ఏ ఆధారమూ లేకుండా ఊగింది. నేను అప్పటివరకు తెచ్చిన రగ్గులు, అత్తర్లు, గడియారాలు అన్నీ గుర్తుకువచ్చాయి. వాటిలో ఒక్కటీ ఈ పది అడుగుల దూరానికి పనికిరాలేదు.

ఒకటిన్నర అడుగు అరుగు

ఆ రోజే బేల్దారిని పిలిపించాను. పని పెద్దది కాదు. కొళాయి పక్కన కుర్చీ ఎత్తున, అంటే సుమారు ఒకటిన్నర అడుగు ఎత్తున, కూర్చోవడానికి అరుగు కట్టించాం. పైన కడప బండ వేశాం. నునుపు చేసిన బండ తడిస్తే జారుతుంది కనుక గరుకుగా ఉన్న బండనే ఎంచుకున్నాం. నీళ్లు నిలవకుండా నేల వాలు సరిచేసి, నాచు గీకించి, పగిలిన గచ్చు తీసి కొత్తది వేయించాం. గొట్టం పెంచి, కూర్చున్నవారి చేతికి అందే ఎత్తులో కొత్త కొళాయి బిగించాం. వేళ్లతో తిప్పనవసరం లేకుండా అరచేత్తో నెడితే తెరుచుకునే రకం అది. లేచేటప్పుడు పట్టుకోవడానికి కుడివైపు గోడకు ఉక్కు కమ్మీ పెట్టించాం. అమ్మీ మంచం పక్కనే స్విచ్చు ఉండేలా పెరటి దీపానికి కొత్త తీగ లాగించాం. అన్నీ కలిపి రెండు రోజుల పని. నేను ఒక్కసారి సెలవుకు వచ్చినప్పుడు మోసుకొచ్చే సామాను ఖర్చులో సగం కూడా కాలేదు.

అమ్మీ రెండు రోజులూ సణుగుతూనే ఉంది. "ఉన్న కొళాయికి ఏమైంది? డబ్బు దండగ" అంది. పని పూర్తయ్యాక వచ్చి చూసి, అసలు అభ్యంతరం చెప్పింది: "ఇలా నెడితే నీళ్లు ధారగా పోతాయి. వుజూకు ఒక్క చెంబు చాలు. మన ఊళ్లో నీళ్లు వృథా చేయడం పాపం." ఆమె మాట ముమ్మాటికీ నిజం. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. బేల్దారిని మళ్లీ పిలిపించి, అరుగుకు ఎడమవైపు చెంబు పెట్టుకోవడానికి చిన్న గూడు కట్టించాను. ఆమె పాత చెంబే అందులో కూర్చుంది. కొత్తది కొనాలని నాకు అనిపించినా ఈసారి ఆ ఆలోచన విరమించుకున్నాను.

అమ్మీ బాగుందని గానీ, బాగాలేదని గానీ అనలేదు. కానీ ఆ రాత్రి మూడు గంటల వేళ మెలకువ వచ్చి పడుకుని ఉంటే, పక్కగదిలో స్విచ్చు వేసిన చప్పుడు వినిపించింది. కిటికీలో పెరటి వెలుతురు పడింది. కాసేపటికి చెంబు గూటిలో పెట్టిన శబ్దం వచ్చింది.

దీన్ని కానుక అనడానికి కూడా నాకు బిడియమే. ఆలోచిస్తే ఇది కూడా ఆమె హక్కే. కానీ నేను ఇచ్చినవాటిలో ఆమె ట్రంకుపెట్టెలో పెట్టనిది ఇదొక్కటే.

ఇంతకీ ఏమి ఇవ్వాలి?

"నాకేం వద్దు" అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో ఉన్నది అందరికీ సరిపోయేలా చూసి, మిగిలితే తినడం, మిగలకపోతే ఆకలి లేదనడం ఆమెకు దశాబ్దాల అలవాటు. తన కోసం కోరుకోవడం అనే అభ్యాసం తప్పిపోయిన మనిషిని ఏం కావాలని అడిగితే ఏం చెబుతుంది? కనుక ఆమె సమాధానం ఆమె మాటల్లో దొరకదు. ఆమె దినచర్యలో వెతకాలి. అలా వెతికినప్పుడు నాకూ, నా మిత్రులకూ దొరికినవి కొన్ని ఇక్కడ చెబుతాను.

మొదటిది, ఆమె చదవగలిగేది. నేను ఒకసారి హైదరాబాదు నుంచి చక్కని ఉర్దూ తఫ్సీర్ సంపుటాలు తెచ్చి ఇచ్చాను. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. కానీ అమ్మీ బడికి వెళ్లింది అయిదో తరగతి వరకు, అదీ తెలుగు బడికి. ఆమెకు ఖుర్ఆన్ పారాయణం వచ్చు, తెలుగు చదవడం వచ్చు, ఉర్దూ లిపి రాదు. ఇంత చిన్న సంగతి కన్నకొడుకుగా నాకు గుర్తులేదు. పెద్ద అక్షరాల తెలుగు అనువాదం తెచ్చిచ్చాక ఇప్పుడు జుహ్ర్ తర్వాత రోజుకు ఒక పేజీ, వేలు పెట్టుకుని చదువుతోంది. అర్థం కాని మాట వస్తే మనుమరాలిని పిలుస్తుంది. ఆ పిల్ల కూడా ఆ వంకతో ఆ పేజీ చదువుతోంది.

రెండవది, ఆమె మనుషులు. మనం తల్లికి వస్తువులు తెస్తాం. ఆమె మనసు తన అక్కచెల్లెళ్ల మీద, చిన్ననాటి స్నేహితురాళ్ల మీద ఉంటుంది. తల్లి సోదరి తల్లితో సమానమని దైవప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ ఖదీజా (రజి) మరణించిన తర్వాత కూడా ఆయన గొర్రెను కోసినప్పుడు ఆమె స్నేహితురాళ్లకు మాంసం పంపేవారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) మక్కా దారిలో ఎదురైన ఒక ఎడారివాసికి తన గాడిదనూ, తల మీది పాగానూ ఇచ్చివేశారు. ఎడారివాసులు కొద్దిపాటి దానికే సంతోషపడతారు కదా అని తోటివారు అంటే, ఇతని తండ్రి మా తండ్రిగారికి మిత్రుడని చెప్పారు. మా ఖాలా మదనపల్లెలో ఉంటుంది. రెండూ దగ్గర ఊళ్లే అయినా అక్కాచెల్లెళ్లు కలుసుకుని మూడేళ్లయింది. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేరు. ఒక ఆదివారం కారు మాట్లాడి అమ్మీని తీసుకువెళ్లాను. దారంతా "ఎందుకింత ఖర్చు" అంటూనే వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ మాట ఎత్తలేదు.

మూడవది, ఇవ్వడానికి ఆమె చేతిలో కొంత డబ్బు. జీవితమంతా ఇచ్చిన చెయ్యి వృద్ధాప్యంలో పుచ్చుకునే చెయ్యిగా మారడం ఆమెకు కష్టం. రమజాన్ నెల మొదట్లో చిన్న నోట్లుగా మార్చి కొంత సొమ్ము ఆమె దిండు కింద పెట్టండి. ఎవరికి ఇచ్చిందో అడగకండి. మనవలకు ఈదీ ఇచ్చేటప్పుడు, గుమ్మం ముందుకు వచ్చినవారికి సదఖా ఇచ్చేటప్పుడు కొడుకు ముందు చెయ్యి చాచవలసిన అవసరం ఆమెకు రాకూడదు.

నాలుగవది, మన సమయం. దైవప్రవక్త (స) తమ బాల్యంలో సాకిన హజ్రత్ ఉమ్మె ఐమన్ (రజి)ను చూడటానికి వెళుతుండేవారు. ఆయన మరణానంతరం హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ఇద్దరూ కలిసి, ఆయన వెళ్లినట్టే తామూ ఆమెను పరామర్శించడానికి వెళ్లారు. రాజ్యభారం మోస్తున్నవారికి దొరికిన తీరిక మనకు దొరకదా? హిజ్రత్ కోసం ప్రమాణం చేయడానికి వచ్చిన ఒక వ్యక్తి, తన తల్లిదండ్రులను ఏడుస్తుండగా వదలివచ్చానని చెప్పినప్పుడు, తిరిగి వెళ్లి, వారిని ఎలా ఏడిపించావో అలాగే నవ్వించమని దైవప్రవక్త (స) పంపివేశారు. బతుకుతెరువు కోసం దూరదేశాల్లో ఉన్న మాలాంటివారు రోజూ ఇల్లు చేరలేరు. కానీ ఫోనులో డబ్బు అందిందా అని మాత్రమే అడిగి పెట్టేయకుండా, ఈ రోజు ఏం వండావు, ఎవరొచ్చారు, రాత్రి నిద్ర పట్టిందా అని పది నిమిషాలు మాట్లాడటం ఎవరికైనా సాధ్యమే.

చివరిగా ఒక మాట. తల్లికి ఇచ్చే కానుక తోబుట్టువుల మధ్య పోటీగా మారకూడదు. అన్న ఏం తెచ్చాడు, చెల్లెలు ఏం పెట్టింది అనే పోలిక మొదలైతే ఆ తల్లి ఏ కానుకనూ మనస్ఫూర్తిగా అందుకోలేదు. అందరూ కలిసి ఒకటి ఇవ్వగలిగితే మరీ మంచిది. అలాగే భార్యకు కూడా ఒక తల్లి ఉందని భర్త మరచిపోరాదు. మా ఇంటి పెరట్లోని ప్రమాదాన్ని కనిపెట్టింది నా భార్య. ఆమె తల్లి ఇంటి పెరడు ఎలా ఉందో నేను అంతవరకు అడగలేదు. తర్వాతి నెలలో అదే బేల్దారిని అక్కడికీ పంపించాం.

అమ్మీ అడిగింది

ఈ ఏడు మార్చి నెలలో సెలవు మంజూరైంది. అలవాటు కొద్దీ ఫోనులో అడిగాను: "అమ్మీ, ఏం తెమ్మంటావు?" అటువైపు కాసేపు మాట వినిపించలేదు. తర్వాత ఆమె అంది: "తేవద్దు గానీ, వచ్చాక ఒకటి చేసిపెడతావా?"

పన్నెండేళ్లలో ఆమె నోట ఒక కోరిక రావడం అదే మొదటిసారి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఎండలు ముదురుతున్నాయి. మన వాకిలి పక్క గోడ నీడలో రెండు కుండలు పెట్టి, పైన చిన్న పందిరి వేయించు. సంతకు పోయేవాళ్లు, బడిపిల్లలు తాగుతారు. పొద్దున్నే నీళ్లు నేను నింపుతాను." ఒక్క క్షణం ఆగి మెల్లగా అంది: "మా అమ్మ పేరున బేటా. ఆమె పోయేటప్పుడు నేను దగ్గర లేను."

మా నానీమా చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది. అన్నేళ్లుగా అమ్మీ తన తల్లికి ఏదో ఒకటి ఇవ్వాలని మనసులో పెట్టుకుని ఉందన్న ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు. ఆమె నాకు తల్లి కాకముందే ఒక తల్లికి బిడ్డ.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి చనిపోయినప్పుడు ఆయన కూడా దగ్గర లేరు. ఆమె తరఫున దానం చేస్తే ఆమెకు ప్రయోజనం కలుగుతుందా అని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. కలుగుతుందని జవాబు వచ్చింది. తన తోటను ఆమె తరఫున దానం చేశారు. ఏ దానం శ్రేష్ఠమైనదని అడిగితే నీరు అని దైవప్రవక్త (స) చెప్పగా, ఆయన బావి తవ్వించి, దాన్ని తల్లి పేరున అంకితం చేశారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. తల్లిని పోగొట్టుకున్నవారు ఇక ఏమీ ఇవ్వలేమని నిరాశ చెందనవసరం లేదు. ఆమె కోసం చేసే దుఆ, ఆమె పేరున చేసే దానం, ఆమె ఆత్మీయులతో నిలుపుకునే బంధం ఆమెకు మనం పంపగల కానుకలే.

ఈసారి అట్టపెట్టె లేకుండా చిన్న సంచితో ఇంటికి వెళ్లాను. మరునాడు కుమ్మరి వీధి నుంచి రెండు పెద్ద కుండలు తెచ్చాను. పందిరికి ఈతాకులు కప్పించాను. అమ్మీ అరుగు మీద కూర్చుని, కొళాయి నుంచి చెంబుతో పట్టి బిందె నింపింది. బిందె నేను మోసుకెళ్లి కుండల్లో పోశాను. మధ్యాహ్నం ఎండలో నడిచి వస్తున్న పాలు పోసే అవ్వ మొదటి లోటా తాగి, "చల్లగా ఉన్నాయమ్మా" అంది. అమ్మీ తలుపు వెనక నుంచి వింటోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. తన తల్లి కోసం దుఆ చేస్తోందని తెలిసి, నేనూ చేతులెత్తాను.